దిబ్బ మీద తీసిన ఫోటో

లాంచీ నిజాంపట్నం రేవు వదిలేసరికి తెల్లవారింది. మంచు ఇంకా విడలేదు. లాంచీ ముందు భాగంలో గుడ్డ పందిరి వేసి, దాని కింద నాలుగు పేము కుర్చీలు సర్దారు. వెంకయ్యగారు, బొంబాయి నుంచి వచ్చిన మెహతా, ఆయన భార్య మూడింటిలో కూర్చున్నారు. నాలుగో కుర్చీలో ఆవిడ చేతిసంచీ, బైనాక్యులర్సు తోలుపెట్టె పెట్టారు. ఇమ్మానియేలు వెనక ఇంజను దగ్గర నిలబడ్డాడు.

"డబ్బా మీద కూర్చోండి సార్, ఎంతసేపు నిలబడతారు," అన్నాడు లాంచీ నడిపే బాజీ.

"ఫర్వాలేదు," అన్నాడు ఇమ్మానియేలు. డబ్బా నిండా నూనె మరకలున్నాయి. ప్యాంటు భార్య మార్తమ్మ రాత్రే ఇస్త్రీ చేసి పెట్టింది.

వెంకయ్యగారికి చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుంది. మెహతా ఒక బొంబాయి బట్టల మిల్లుకి దూది కొనిపెట్టే మనిషి. ఆయనకి పక్షుల్ని చూడటమంటే పిచ్చి అని ఎవరో చెవిన వేస్తే వెంకయ్యగారు ఈ లాంచీ మాట్లాడారు. సముద్రంలో ఏరు కలిసే చోట, మడ అడవి మధ్య ఒక దిబ్బ ఉంది. చలికాలంలో అక్కడికి రాని పక్షి ఉండదని బాజీ చెప్పాడు. వాటి గురించి ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలి. తాను ప్రెసిడెంటుగా ఉన్న హైస్కూలు నుంచి సైన్సు మాస్టర్ని వెంకయ్యగారు వెంట తెచ్చుకున్నారు. ఇమ్మానియేలు ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఎండాకాలం సెలవులకి ముందు కమిటీ కూర్చుని పర్మనెంటు సంగతి తేలుస్తుంది. అది అరవై రెండు జనవరి.

"మాస్టరూ," అని పిలుపు వచ్చినప్పుడల్లా ఇమ్మానియేలు ముందుకి వెళ్ళేవాడు. చేతులు వెనక కట్టుకుని పక్షి పేరు చెప్పేవాడు, అది ఏం తింటుందో, ఎక్కడ గూడు కడుతుందో చెప్పేవాడు. మెహతా తలాడించేవాడు. ఇమ్మానియేలు మళ్ళీ ఇంజను దగ్గరికి వచ్చి నిలబడేవాడు. మొదట్లో అతనికి సంతోషంగానే ఉంది. మడచెట్ల మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. గూడబాతులు నీటిని రాసుకుంటున్నట్టు బారుగా ఎగిరిపోయాయి. అంత బరువైన పక్షి అంత నెమ్మదిగా రెక్క కొడుతుంటే మెహతా కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. బైనాక్యులర్సు చక్రం తిప్పుతూ ఆయన మళ్ళీ కూర్చోవడం మరిచిపోవడం ఇమ్మానియేలు చూశాడు. ఆ మనిషి మీద ఇష్టం కలిగింది.

"చూడు, చూడు," అని మెహతా బైనాక్యులర్సు అతని చేతికిచ్చాడు.

ఇమ్మానియేలు జీవితంలో మొదటిసారి వాటిలోంచి చూశాడు. ఒక తెడ్డుమూతి కొంగ మోకాలిలోతు నీళ్ళలో నడుస్తూ, కొడవలితో కోసినట్టు ముక్కుని అటూ ఇటూ ఆడిస్తోంది. దాని ముక్కు చివర పసుపుపచ్చ చుక్క కూడా కనిపించింది. పుస్తకంలో చదివి పదేళ్ళుగా పిల్లలకి చెబుతున్న పక్షి. ఇంకాసేపు చూడాలని ఉన్నా మర్యాద కాదని తిరిగి ఇచ్చేశాడు.

మెహతా వాటిని కుర్చీలో పెట్టాడు. ఆయన భార్య చేతిసంచీలోంచి చిన్న సీసా తీసి, రుమాలు కొస తడిపి, బైనాక్యులర్సు కళ్ళు ఆనే చోట తుడిచింది. కోపంతో కాదు, అలవాటుగా, బల్ల మీద దుమ్ము తుడిచినట్టు తుడిచింది. సెంటు వాసన ఇంజను దాకా వచ్చింది.

పొద్దెక్కాక దిబ్బ కనిపించింది. దాని వెనక బురదమేట మీద గులాబీ రంగు చారలా ఫ్లెమింగోలు. వందలు కావు, వేలే ఉంటాయి. మెహతా కెమెరా బయటికి తీశాడు.

"ఇక్కడే ఇంజను ఆపితే మంచిదండీ," అన్నాడు బాజీ. "ఇంకా దగ్గరికెళితే లేచిపోతాయి."

"లేవనీరా. లేస్తేనేగా ఫోటో బాగుండేది," అన్నారు వెంకయ్యగారు. "పోనీ. హారన్ కొట్టు."

బాజీ ఇమ్మానియేలు వైపు చూశాడు. ఇమ్మానియేలు నీళ్ళ వైపు చూశాడు. హారన్ మోగింది. మేట మొత్తం ఒక్కసారి పైకి లేచినట్టయింది. ఎర్రటి రెక్కలు ఆకాశంలో ఒక చుట్టు తిరిగి, సముద్రం మీదుగా దక్షిణానికి వెళ్ళిపోయాయి. మెహతా కెమెరా కంటికి ఆనించేలోపే అంతా అయిపోయింది.

"ఇక ఈ రోజుకి రావు," అన్నాడు మెహతా ఇంగ్లీషులో. ఆ ముక్క తర్జుమా చెయ్యనక్కర్లేకుండానే వెంకయ్యగారికి అర్థమైంది. ఆయన మొహం వాడిపోయింది. దానికి తోడు పాటు తీసింది. నీళ్ళు వెనక్కి పోయి లాంచీ అడుగు బురదకి తగిలింది. మళ్ళీ పోటు వచ్చిందాకా కదలదని బాజీ చెప్పాడు.

వెంకయ్యగారు దిబ్బ వైపు చూశారు. దిబ్బ మీద ఎత్తు నేలలో ఒక్క కారు వరి పండుతుంది. కోతలై మోళ్ళు మిగిలాయి. గట్టు పక్కన గంపలు బోర్లించినట్టు రెండు గుడిసెలు, వాటి మీదుగా పొగ.

"యానాదులు," అన్నారాయన, మొహం మళ్ళీ వెలిగి. "ఇదీ చూడవలసిందే. చెప్పవయ్యా మాస్టరూ."

బాజీ బల్ల వేస్తే అందరూ దిబ్బ మీదికి దిగారు. గుడిసె ముందు చెంచమ్మ పీతల కాళ్ళు విరుస్తోంది. ఆమె మొగుడు పోలయ్య పెద్దమనుషుల్ని చూసి లేచి నిలబడ్డాడు. వెంకయ్యగారు ఎలకలు పట్టి చూపించమంటే నవ్వాడు. "దానికేముంది దొరా, రండి," అని కుండ అందుకున్నాడు.

అది అడుగున చిన్న బెజ్జం ఉన్న పాత కుండ. అందులో గడ్డి కుక్కి, నిప్పు వేశాడు. గట్టు చుట్టూ తిరిగి కలుగు బొక్కలన్నీ మడమతో అదిమి, ఒకదానికి మాత్రం కుండ మూతి ఆనించి, సందుల్లో బురద మెత్తాడు. మోకాళ్ళ మీద వంగి బెజ్జంలో ఊదడం మొదలుపెట్టాడు. దవడలు ఉబ్బి తగ్గుతున్నాయి. దూరంగా గట్టు అవతల ఒకచోట మట్టిలోంచి సన్నని పొగ లేచింది. చెంచమ్మ వెళ్ళి అక్కడో పెళ్ళ వేసి తొక్కింది. కాసేపు చెవి నేలకి ఆనించి విని, పోలయ్య పలుగుతో తవ్వాడు. ముందు వరి వెన్నులు వచ్చాయి, ఎలకలు దాచుకున్నవి. వాటిని చెంచమ్మ ఒళ్ళో వేసుకుంది. తర్వాత సొమ్మసిల్లిన ఎలకలు, ఒకదాని వెనక ఒకటి. పోలయ్య వాటిని తోకలు కలిపి కట్టి పైకెత్తి చూపించాడు. మెహతా ఫోటోలు తీశాడు. ఫ్లెమింగోలు పోయిన దిగులు ఆయన మొహంలో లేదు.

"వీటిని తింటారా?" అని అడిగాడు.

"తింటారు," అన్నాడు ఇమ్మానియేలు.

"పచ్చిగానా?"

ఆ ఇంగ్లీషు మాట వెంకయ్యగారికి తెలుసు. మెహతా అడిగిన తీరులో ఉన్న ఆత్రం కూడా ఆయనకి తెలిసింది. "అవును, పచ్చివే," అన్నారు తలాడిస్తూ. "ఇప్పుడు తింటాడు చూడండి. ఒరేయ్, తిను."

పోలయ్య నవ్వాడు. "పచ్చియ్యి ఎవరు తింటారు దొరా? బొచ్చు కాల్చి, ఉప్పేసి కాల్చుకుంటాం. అదీ పొద్దుగూకినాక."

"ఏమంటున్నాడు?" అన్నాడు మెహతా.

వెంకయ్యగారు ఇమ్మానియేలు వైపు చూశారు. ఇమ్మానియేలు నోరు తెరిచాడు. "సిగ్గుపడుతున్నాడు," అన్నాడు ఇంగ్లీషులో.

అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది. మెహతా నవ్వి, ఫర్వాలేదు తొందరలేదు అన్నట్టు చెయ్యి ఊపి, కెమెరాకి ఇంకో అద్దం బిగించుకుంటున్నాడు.

"ఈ గట్లన్నీ తవ్వి ధాన్యం ఎత్తుకుపోతున్నారని మునసబుతో ఒక్క మాట అంటే రేపీపాటికి ఈ గుడిసెలుండవు," అన్నారు వెంకయ్యగారు.

పోలయ్య గట్టు మీద చతికిలబడి పలుగుకి అంటిన మట్టి గోకుతున్నాడు. వెంకయ్యగారు ఇమ్మానియేలు భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళారు. ఆయన అతన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"నువ్వు చెప్పు. నీ మాట వింటాడు. ఎంతసేపు, ఒక్క ఫోటో. నీ సంగతి కూడా వేసవిలో కమిటీ ముందుకొస్తోందిగా."

ఇమ్మానియేలు వెళ్ళి పోలయ్య ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్యాంటు మోకాళ్ళకి బురద అంటింది.

"ఒక్కసారి నోటికి పెట్టుకో," అన్నాడు నెమ్మదిగా. "మింగొద్దు. ఫోటో తీసుకుని పోతారు. నా మాట విను."

పోలయ్య అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. "మీదేవూరయ్యా?"

"చిలకలూరిపేట. క్రిస్టియన్ పేట."

"పెళ్ళాం పిల్లలున్నారా?"

"ఉన్నారు."

పోలయ్య కట్టలోంచి ఒక ఎలకని ఊడదీశాడు. అది ఇంకా కాళ్ళు కొట్టుకుంటోంది. దాన్ని రాతికి కొట్టి చంపాడు. మెడ దగ్గర పళ్ళు పెట్టాడు. కెమెరా చప్పుడైంది.

"మళ్ళీ," అన్నాడు మెహతా. "పళ్ళు కనబడటం లేదు. కొరకమను."

ఇమ్మానియేలు తెలుగులో చెప్పాడు. పోలయ్య కొరికాడు. బొచ్చు, నెత్తురు గడ్డానికి అంటుకున్నాయి. ఎండ పక్కకి తిరగమన్నారు, తిరిగాడు. ఇంకోసారి కొరకమన్నారు, కొరికాడు. మెహతా భార్య రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది గానీ కళ్ళు పక్కకి తిప్పలేదు. వెంకయ్యగారు తొడ చరుచుకుని నవ్వుతున్నారు. ఆయన నోట్లో కిళ్ళీ ఎర్రగా ఉంది. ఇమ్మానియేలుకి ఒక్క క్షణం రెండు నోళ్ళూ ఒకటే అనిపించింది.

చాలు అన్నాక పోలయ్య గుడిసె వెనక్కి వెళ్ళాడు. కక్కుకుంటున్న చప్పుడు వినిపించింది. చెంచమ్మ ముంతతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది. వెళుతూ అక్కడున్న ఎవరి వైపూ చూడలేదు.

మధ్యాహ్నం లాంచీలో భోజనాలు. వంటవాడు సిలార్ కోడిపలావు చేసి తెచ్చాడు. పందిరి కింద పింగాణీ పళ్ళాలు పెట్టారు. ఇమ్మానియేలుకి ఇంజను దగ్గర విస్తరి వేశారు. పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నవాడికి ఆకలి దహించుకుపోతోంది. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళేసరికి దిబ్బ మీది వాసన తగిలింది.

"ఏం మాస్టరూ, తినవేం?" అన్నారు వెంకయ్యగారు ముందు నుంచి. "ఎలక లేదనా? మీ వాళ్ళూ ఇదివరకు తినేవాళ్ళేగా. రుచి నీకే తెలియాలి."

సిలార్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమంటున్నారు?" అని మెహతా వెనక్కి తిరిగి అడిగాడు.

రెండు భాషలూ వచ్చినవాడు ఇమ్మానియేలు ఒక్కడే. "మా వాళ్ళు కూడా ఇదివరకు ఎలకలు తినేవాళ్ళట, అందుకని రుచి నాకు తెలియాలట," అని తర్జుమా చేశాడు. చేసి నవ్వాడు. తన నవ్వు తనకే వినిపించింది.

మెహతా నవ్వలేదు. చేతిలో చెంచా అలాగే పట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, పొద్దున్న తెడ్డుమూతి కొంగని చూసినంత శ్రద్ధగా ఇమ్మానియేలుని చూశాడు. "నిజమా?" అన్నాడు.

ఇమ్మానియేలు విస్తరి ఎత్తి నీళ్ళలో వేశాడు. గద్దలు దిగాయి. సాయంత్రం పోటు వచ్చి లాంచీ కదిలేదాకా అతను ఇంజను దగ్గరే నిలబడ్డాడు. పిలిచినప్పుడు మాత్రం వెళ్ళి పక్షి పేరు చెప్పి వచ్చాడు.

ఫిబ్రవరిలో స్కూలు వార్షికోత్సవం. సైన్సు ప్రదర్శన పెట్టాలన్నారు. ఆ వారమే బొంబాయి నుంచి పార్సిల్ వచ్చింది. మెహతా తాను తీసిన ఫోటోలు పెద్దవి చేయించి, అట్టలకి అంటించి స్కూలుకి కానుకగా పంపాడు. గూడబాతులు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగ, వాటితోపాటు పోలయ్య. పోలయ్య ఫోటో అన్నిటికంటే పెద్దది. దాని వెనక పెన్సిల్‌తో ఇంగ్లీషులో 'మేత వేళ' అని రాసి ఉంది.

"మీరూ వెళ్ళారుగా. కింద పేర్లు మీరే రాయండి," అన్నాడు హెడ్మాస్టరు. "ప్రెసిడెంటుగారు స్వయంగా వచ్చి చూస్తారు."

ఇమ్మానియేలు వాటిని ఇంటికి తెచ్చుకున్నాడు. కుంచెతో ఇండియన్ ఇంకు ముంచి, గుండ్రటి అక్షరాలతో, గూడబాతు, ఆహారం చేపలు, చెట్ల మీద గూళ్ళు కడుతుంది అని రాశాడు. కొంగ కింద రాశాడు. పోలయ్య దగ్గర కుంచె ఆగింది.

మార్తమ్మ దీపం ఒత్తి ఎగదోస్తూ వంగి చూసింది. "ఎవరీయన?"

"పోలయ్య అని."

"ఏడుస్తున్నాడేం?"

ఇమ్మానియేలు ఫోటో దీపం దగ్గరికి జరుపుకున్నాడు. ఆ రోజు పళ్ళు చూశాడు, నెత్తురు చూశాడు. కళ్ళు చూడలేదు. కంటికింద నుంచి చెంప మీదికి మసిలో చెరిపినట్టు ఒక తడిచార ఉంది. పొగకి కారిందేమో అనుకుందామని చూశాడు. కుదరలేదు.

జరిగింది భార్యకి చెప్పాడు. తాను మెహతాకి చెప్పిన అబద్ధం, పలావు దగ్గర నవ్విన నవ్వు కూడా చెప్పాడు. చెప్పడం అయ్యాక అతను కుంచె తీసుకుని ఇలా రాశాడు:

'పోలయ్య. మనిషి. పచ్చి ఎలక తినడు. తినమన్నవారు వెంకయ్యగారు. నచ్చజెప్పి తినిపించినవాడు సైన్సు మాస్టరు ఇమ్మానియేలు. ఫోటో తీసినవారు మెహతాగారు.'

మార్తమ్మ కూడబలుక్కుని చదివింది. "ఉద్యోగం పోద్ది," అంది. కాస్త ఆగి, "ఇంకు ఆరిందాకా ముట్టుకోకు, అలికిపోద్ది," అంది.

ప్రదర్శన రోజున అతను ఫోటోలన్నీ మేకులకి తగిలించి పక్కన నిలబడ్డాడు. రాత్రంతా నిద్రలేదు గానీ మనసు తేలిగ్గా ఉంది. వెంకయ్యగారు మెడలో పూలదండతో వచ్చారు. వెంట డాక్టరుగారు, కమిటీ సెక్రటరీ, ఊళ్ళో మిరపకాయల వ్యాపారులు ఇద్దరు ఉన్నారు. ఒక్కో ఫోటో చూసుకుంటూ పోలయ్య ముందుకి వచ్చి ఆగారు. వెంకయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివారు. హెడ్మాస్టరు అప్పుడే మొదటిసారి చదివాడు. ఆయన మొహం పాలిపోయింది.

వెంకయ్యగారు తిరిగి చూశారు. ఆయన మొహమంతా నవ్వు.

"బాగా రాశావయ్యా. నా పేరు కూడా వేశావు," అన్నారు. "డాక్టరుగారూ, ఇటు రండి. ఇదిగో, తినమన్నవారు వెంకయ్యగారు. నేనే. వాడు తిననంటాడు, నేను ఊరుకుంటానా? తోకతో సహా తినిపించా. బొంబాయాయన ఆ దెబ్బకి ఫ్లాటు. ఆర్డరిచ్చి గానీ రైలెక్కలేదు."

డాక్టరుగారు నవ్వారు. వ్యాపారులు దగ్గరికి వచ్చి వంగి చూశారు. ఒకాయన, "వీళ్ళకి జబ్బులు రావంటారా?" అని అడిగాడు. వెంకయ్యగారు సెక్రటరీ వైపు తిరిగి, "మాస్టరు సంగతి సెలవుల దాకా ఎందుకు, ఈ మీటింగులోనే పర్మనెంటు చేసేద్దాం. రాసుకో," అన్నారు.

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. ఎనిమిదో తరగతివాడొకడు పళ్ళు బయటపెట్టి, గాలిని కొరుకుతున్నట్టు చేసి చూపించాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఇమ్మానియేలు ముందుకి వచ్చి ఫోటో పట్టుకుని లాగాడు. మేకు కూడా ఊడి వచ్చింది. గోడ సున్నం రాలింది.

"అదేంటయ్యా?" అన్నాడు వెంకయ్య.

"ఇది ఇక్కడ ఉండకూడదండి."

"ఏం, తప్పు రాశావా?"

"తప్పేం లేదు. మీకు అర్థమయ్యేటట్టు రాయడం నాకు చేతకాలేదు."

వెంకయ్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఇమ్మానియేలు ఫోటో చంకలో పెట్టుకుని పిల్లల మధ్య నుంచి బయటికి నడిచాడు. మర్నాడు హెడ్మాస్టరు కబురు పంపాడు, ఇక రానక్కర్లేదని. ఇమ్మానియేలు మొహంలోకి చూడాల్సి వస్తుందని కాబోలు, ఆయన తను రాలేదు.

ఆదివారం ఇమ్మానియేలు బస్సెక్కి నిజాంపట్నం వెళ్ళాడు. బాజీ వలలవాళ్ళ పడవలో అతన్ని దిబ్బకి పంపాడు. పోలయ్య గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. చెంచమ్మ పొయ్యి ముందు ఉంది. ఇద్దరూ అతన్ని గుర్తుపట్టారు. కూర్చోమనలేదు.

అతను గుడ్డ విప్పి ఫోటో పోలయ్య చేతికిచ్చాడు. "నీకివ్వాలని తెచ్చాను. గోడకి పెట్టారు, తీసేశాను."

పోలయ్య దాన్ని కాళ్ళ మీద పెట్టుకుని చూశాడు. తన బొమ్మ తను చూసుకోవడం అతనికి ఇదే మొదలు. వేలితో గడ్డం దగ్గర రాసి చూశాడు, అంటిందేదో తుడవబోయినట్టు. చెంచమ్మ లేచి వచ్చి మొగుడి భుజం మీదుగా చూసి, అట్టని లాక్కుని పొయ్యిలో పెట్టింది. మందపాటి అట్ట. వెంటనే అంటుకోలేదు. ఆమె గొట్టంతో ఊదుతూ కూర్చుంది.

"వాళ్ళు బెదిరించారు, నేను బతిమాలాను," అన్నాడు ఇమ్మానియేలు. "తప్పు నాది."

"బెదిరిస్తే తినలేదయ్యా నేను," అన్నాడు పోలయ్య. "గుడిసె పీకితే ఇంకో దిబ్బ. మాకది కొత్తా? నువ్వు వచ్చి బురదలో కూర్చున్నావు. నీ మొహం చూస్తే నాకు జాలేసింది. ఈయన ఇంటికాడ పిల్లలు పస్తులున్నారేమో, ఈ పని కాకపోతే వీళ్ళు ఈయన్ని ఏం చేస్తారో అనుకున్నా. పెళ్ళాం పిల్లలున్నారా అని అడిగానా లేదా?"

"అడిగావు."

"పస్తులున్నారా?"

"లేదు," అన్నాడు ఇమ్మానియేలు.

పోలయ్య తల పంకించి మళ్ళీ తాడు అందుకున్నాడు. పాటు తీసింది. తెచ్చిన పడవ బురదలో కూరుకుపోయింది. పోటు వచ్చిందాకా పోవడానికి లేదు. ఇమ్మానియేలు కాస్త దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. చెంచమ్మ కుండ దించి, పీతల కూర, అన్నం మొగుడికీ పిల్లలకీ పెట్టి, తనూ తింది. అతన్ని పిలవలేదు. అతను పిలుస్తారని అనుకోలేదు. తిన్నాక పిల్లలిద్దరూ చేతులు నాకుతూ వచ్చి అతని ఎదురుగా నిలబడి చూశారు. అతని కళ్ళజోడు చూశారు, బూట్లు చూశారు. అతను కదలకపోయేసరికి విసుగుపుట్టి, మడచెట్ల వైపు పీతల బొరియలు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.